నూకరత్నం వీపు మీద బెజ్జం

నేను మట్టి బొమ్మలు చేస్తాను. అవి ఎలా ఉంటాయన్న సంగతి అలా ఉంచండి, వాటికి అర్థాలు మాత్రం బ్రహ్మాండంగా రాస్తాను. ఈ ముక్క గొప్పకి చెప్పుకోవడం లేదు, మా జిల్లాలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఓసారి గుర్రాన్ని చెయ్యబోతే మెడ కుంగి, పొట్ట జారి, ఎటునుంచి చూసినా గేదెలా తేలింది. నిజమైన శిల్పి అయితే దాన్ని మళ్ళీ మట్టిలో కలిపేసి మొదటినుంచి మొదలెడతాడు. నేను మాత్రం కాగితం తీసుకుని, ‘వేగాన్ని త్యజించిన అశ్వం’ అని పేరు పెట్టి, కింద పద్నాలుగు వాక్యాల వివరణ రాశాను. దానికి జిల్లా బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఆనాటినుంచి నాకు మట్టి మీద కంటే కలం మీద నమ్మకం ఎక్కువైంది.

నా పేరు సోమలింగం. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో కళాసేవ చేసుకుంటున్నాను. అర్థాలు రాయడం నా స్వభావం గనక సరిపోయింది గానీ, లేకపోతే జిల్లా మృత్తికా కళామండలి వారి కొత్త నిబంధనతో నేనెప్పుడో దుకాణం కట్టేయాల్సింది.

ఆ నిబంధన పుట్టిన వైనం చెప్పాలి. ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు తోటలో ఎవరో కళాకారుడు చేసిన మట్టిబొమ్మ ఒకటి ఉండేది. గుండ్రంగా ఉండి, మీద మూడు బొడిపెలు. ఒక పెద్దమనిషి పర్యటనకి వచ్చి, దాని ముందు ఆగి, ‘ఏమిటిది?’ అన్నాడు. పక్కనున్న ముగ్గురు అధికారుల్లో ఒకాయన ‘భూగోళం’ అనీ, ఇంకొకాయన ‘పనసపండు’ అనీ, మూడో ఆయన ‘ప్రజాస్వామ్యం’ అనీ ఒకేసారి అన్నారు. పెద్దమనిషి టీ తాగకుండా వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ‘ఇకమీదట ప్రభుత్వ ఆవరణలయందు అర్థము లేకుండా ఏదియు నిలబడరాదు.’ ఇది సిబ్బందికి కూడా వర్తిస్తుందేమోనని కొందరు గుమాస్తాలు రెండు రోజులు నిద్ర పోలేదు. బొమ్మలకి మాత్రమేనని తర్వాత వివరణ వచ్చింది.

అలా అర్థ ప్రకటన పత్రం అనేది అమల్లోకి వచ్చింది. బొమ్మ చేసేవాడు అందులో ఎత్తు, బరువు, మట్టి రకం, అర్థం, ఆ అర్థం వల్ల ఏ శాఖ మనసైనా నొచ్చుకునే అవకాశం ఉందా అన్న వివరాలన్నీ నింపాలి. బొమ్మలో ఏ భాగానికైనా అర్థం ప్రకటించకపోతే అది అనధికార భాగం కింద లెక్క, తొలగించవలసిందే. పత్రంతో పాటు పదహారు పేజీల నియమావళి కూడా ఇచ్చారు. కళాకారుడు నియమావళి చదవడం చిన్నతనం అనిపించి, దాన్ని మడిచి షెడ్డులో కుర్చీ పొట్టి కాలి కింద పెట్టాను. కుర్చీ కుదురుగా నిలబడింది. ఆ నియమావళిలో నాకు తెలిసిన ఉపయోగం అప్పటికి అదే.

ఇలా ఉండగా కొత్తగా కట్టిన జిల్లా సేవా భవనం ముందర నిలువెత్తు మట్టిబొమ్మ పెట్టాలని కళామండలి తీర్మానించింది. పని నాకు అప్పజెప్పారు. ఏం చెయ్యాలా అని నేను ఎక్కువ ఆలోచించలేదు. మట్టి తొక్కుతున్న మనిషిని చేద్దామనుకుని, పత్రంలో కూడా అదే రాసి ఇచ్చాను. మట్టి తొక్కే మనిషి అంటే నాకు తెలిసింది ఒక్క నూకరత్నమే.

నూకరత్నానిది మా ఊళ్ళో కుమ్మరి వీధి. అరవై దాటాయి. ఎనిమిదో ఏట తండ్రి పక్కన నిలబడి మట్టి తొక్కడం మొదలెట్టి, ఇప్పటికీ ఆపలేదు. నా బొమ్మలకి గోదావరి ఒండ్రు తెచ్చి, నానబెట్టి, ఇసకా ఊకా కలిపి, కాళ్ళతో తొక్కి వెన్నముద్దలా చేసి ఇచ్చేది ఆవిడే. ఆరిన బొమ్మలను తన ఆవంలో పెట్టి కాల్చి ఇచ్చేదీ ఆవిడే. నా బొమ్మల్లో పగలకుండా బయటపడ్డవన్నీ ఆవిడ చలవే, పగిలినవన్నీ నేను మధ్యలో వేలు పెట్టినవి. వెళ్ళి సంగతి చెప్పాను. పదకొండు రోజులు నా షెడ్డులో మట్టిలో నిలబడాలి, ఎంత ఇమ్మంటావు అక్కా అన్నాను. ఆవిడ డబ్బు మాటే ఎత్తలేదు.

“ఎన్ని మొకాలు కాల్చానో నాకే గుర్తు లేదండి మాస్టారూ. జాతరకి అమ్మోరి మొకాలు, దసరాకి బొమ్మల మొకాలు, మొన్న మీ గేది మొకం...”

“అది గుర్రం” అన్నాను.

“అదేనండి. అన్నీ కాలినియ్యి. నా మొకం ఒక్కటీ కాల్లేదు. నుంచోమంటే నుంచుంటాను గానీ, మొకం నాదే పెట్టాలండి. మా సెల్లెలోళ్ళని తీసుకొచ్చి సూపిత్తాను.”

మాటిచ్చాను. ఇవ్వడానికి ఏముంది, నోరు మనదే కదా.

ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గోడకి చెయ్యి ఆన్చి మట్టిలో నిలబడేది. ఎడమ మోకాలు నొప్పి. అయినా ఒక్కసారి కూడా కూర్చుంటానని అనలేదు. నేను మట్టిని తాళ్ళలా పేని, చుట్టు మీద చుట్టు పెడుతూ పాదాలనుంచి పైకి కట్టుకుంటూ వచ్చాను. లోపలంతా డొల్ల, గోడ మందం రెండు వేళ్ళు. రోజుకి జానెడు కంటే ఎక్కువ లేపకూడదు, కిందది కాస్త గట్టిపడితేనే పైదాన్ని మోస్తుంది. సాయంత్రం తడి గోనెలు కప్పేవాణ్ణి. ఈ పద్ధతి కూడా నాకు నేర్పింది ఆవిడే. నా వివరణల్లో మాత్రం ‘నేను ప్రయోగించిన వలయ నిర్మాణ శైలి’ అని రాసుకుంటాను.

పదో రోజున మొహం చేస్తున్నాను. మట్టి తొక్కేటప్పుడు నూకరత్నం కాలివేలికి చిన్న రాయి తగిలితే, దొంగ దొరికినట్టు పెదవి ఒక మూల కొంచెం లేస్తుంది. నవ్వు అనడానికి వీల్లేదు, నవ్వు కాదనడానికీ వీల్లేదు. ఆవేళ ఆ పెదవి నా చేతికి చిక్కింది. ఎలా చిక్కిందో నాకే తెలీదు. వెనక్కి తగ్గి చూస్తే, నా ఎదురుగా ఇద్దరు నూకరత్నాలు ఉన్నారు. ఆ చేతులు నావేనా అని అనుమానం వచ్చింది. నా జీవితంలో ఆ ఒక్క బొమ్మకి అర్థం రాయాలని అనిపించలేదు, అంత బాగుంది. ఆవిడ చాలాసేపు చూసింది. మట్టి చేత్తో తన చెంప తడుముకుని, తర్వాత బొమ్మ చెంప తడిమింది. బొట్టు ఇంకాస్త పెద్దగా పెట్టుకుంటానండి అంది. దిద్దాను.

పదకొండో రోజున ఆవిడే ఒక వెదురుపుల్ల తీసుకుని, బొమ్మ వీపు మీద పైట మడత కింద ఒక బెజ్జం పొడిచింది. పీటతో సహా అన్ని వైపులా మూసుకుపోయిన డొల్ల బొమ్మకి ఎక్కడో ఒక చోట బెజ్జం ఉండి తీరాలి. లేకపోతే ఆవంలో వేడెక్కిన గాలీ ఆవిరీ పోవడానికి దారి లేక బొమ్మ ఫట్టుమంటుంది. ఇది కుమ్మరి ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

మర్నాడు కళామండలి తనిఖీకి వచ్చింది. తనిఖీ అంటే ఇద్దరు. ఒకాయన కార్యదర్శి భీమశంకరం గారు. అంతకు ముందు ఏదో గిడ్డంగుల సంస్థలో బియ్యం బస్తాల నాణ్యత చూసేవారు, ఇప్పుడు కళల నాణ్యత చూస్తున్నారు. రెండో ఆయన స్టోర్స్ సూపరింటెండెంట్ కొండలరావు. ఈయన ఎక్కడికి వచ్చినా మొదట ఆస్తి నంబరు వేస్తాడు. వచ్చీ రావడంతోనే మేకు తీసి, పచ్చి బొమ్మ మడమ మీద ‘బొమ్మ/17’ అని చెక్కాడు. తర్వాత టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతూ వీపు దగ్గర ఆగిపోయాడు.

“సార్, ఇక్కడ రంధ్రం ఉంది. ప్రకటన పత్రంలో రంధ్రం చూపలేదు.”

భీమశంకరం గారు కళ్ళజోడు సవరించుకుని రంధ్రాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు. దీని అర్థమేమిటని అడిగారు. మూలన కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్న నూకరత్నం, “అది గాలికండీ...” అని ఏదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. ఎందుకు ఆపానో దాచుకోను. గుర్రం గేదె అయితేనే పద్నాలుగు వాక్యాలు రాసినవాణ్ణి, కార్యదర్శి అంతటివాడు అర్థం అడిగితే ‘గాలి పోవడానికి’ అంటే పరువేం కాను? అది కుండలు చేసేవాళ్ళు చెప్పే మాట. నేను శిల్పిని.

గొంతు సవరించుకుని, “అది పారదర్శకతకు సంకేతమండి. పాలన అనే శరీరంలో వెలుగు ప్రవేశించే మార్గం” అన్నాను.

భీమశంకరం గారు ఆ బెజ్జం ముందు రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డారు. మొత్తం బొమ్మలో తనకు నచ్చింది అదేనని చెప్పారు. కొండలరావు పుస్తకంలో ‘రంధ్రం 1, పారదర్శకత’ అని రాసుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక నూకరత్నం నావైపు వింతగా చూసి, ఆ మాటకి అర్థం ఏంటండి అంది. పెద్దవాళ్ళ మాటలే అక్కా, నీకెందుకు అన్నాను. ఆవిడ మోకాలికి ఆముదం రాసుకోవాలని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మోకాలి వల్లే తర్వాత నెల రోజులు షెడ్డు వైపు రాలేకపోయింది. వచ్చి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

నాలుగో రోజున మొదటి మెమో వచ్చింది. ‘పారదర్శకత వంటి మహోన్నత భావమును వీపు భాగమున అమర్చుట వలన, సదరు భావమును చాటుమాటుగా పాటించుచున్నట్లు పౌరులకు తోచు ప్రమాదము గలదు. కావున రంధ్రమును ముందు భాగమునకు బదిలీ చేయవలసినదిగా ఆదేశించడమైనది.’ నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. నా అర్థం మీద మెమో రావడం అదే మొదలు. వీపు మీది బెజ్జం మట్టి పెట్టి మూసేసి, పొట్ట మీద కొత్తది పొడిచాను. ‘ఎదుట నిలిచే పారదర్శకత’ అని రాసి పంపాను.

కొండలరావు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. అర అంగుళం. అర అంగుళం పారదర్శకత మండల స్థాయికి సరిపోవచ్చు గానీ జిల్లా స్థాయికి చాలదని రెండో మెమో వచ్చింది. అటునుంచి ఇటు కనపడనిది పారదర్శకత కిందకి రాదని కూడా అందులో ఉంది. దాంతో పొట్టలోంచి వీపు దాకా భోజనం పళ్ళెమంత కన్నం కోశాను. గోడలు కుంగకుండా లోపల పుల్లలు ఆసరా పెట్టి, చుట్టూ అంచు కట్టాను. పనితనం చెప్పుకోవాలంటే అదేమీ చిన్న పని కాదు. గోనెలు తడుపుతూ, కోస్తూ, అతుకుతూ రెండు రోజులు తిండి కూడా షెడ్డులోనే తిన్నాను. మధ్యలో తలెత్తి చూస్తే నూకరత్నం మొహం ఆ పెదవి మూల లేపి నావైపే చూస్తున్నట్టుంది. రాయి దొరికినప్పటి చూపే.

మూడో తనిఖీకి నన్నే సేవా భవనానికి పిలిచారు. బొమ్మ పెట్టబోయే దిమ్మ దగ్గర కొండలరావు ఒక చాటని బొమ్మ పొట్ట వచ్చే ఎత్తున పట్టుకుని నిలబడితే, భీమశంకరం గారు చాట మధ్యలో కోసిన కన్నంలోంచి చూశారు. అవతల ఎండలో అర్జీలు పట్టుకుని నిలబడ్డ జనం వరుస కనిపించింది. ఒక ముసలాయన తలపాగా తీసి చెమట తుడుచుకుంటున్నాడు. కార్యదర్శి గారు వెంటనే చాట దింపించారు.

“సోమలింగం గారూ, పారదర్శకతలోంచి ఆశయాలు కనపడాలి గానీ అర్జీలు కనపడకూడదు. ఇంకా పైకి పోనివ్వండి.”

చాట పైకి లేచింది. ఛాతీ దగ్గర సైకిళ్ళ స్టాండు కనిపించింది. మెడ దగ్గర మరుగుదొడ్ల రేకు తలుపు. ఇంకా పైన, సరిగ్గా మొహం ఉండాల్సిన ఎత్తులో, నీలం ఆకాశం. భీమశంకరం గారు ఆనందంతో, “ఇదీ!” అన్నారు.

ఆ చోట మొహం ఉందండి అన్నాను. ఆయన లోపల తన గదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. మొహం ఎవరిదని అడిగారు. నూకరత్నం అనే కుమ్మరి ఆవిడదని చెప్పాను. ఏ పథకం లబ్ధిదారు అని అడిగారు. ఏ పథకమూ లేదండి, మట్టి తొక్కుతుంది అన్నాను. బొమ్మ ఫొటో తెప్పించుకుని చూసి, ఆవిడ నవ్వుతోంది, ప్రభుత్వ భవనం ముందు ఎవరిని చూసి నవ్వుతోందో అర్థం ప్రకటించారా అన్నారు. కాలివేలికి రాయి తగిలిందండి అని చెబితే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే ఆయన టేబుల్ మీదినుంచి ఒక నమూనా కాగితం నాకేసి జరిపారు. దిమ్మకి బిగించే ఇత్తడి ఫలకం నమూనా. మీలాంటి అర్థవేత్త రాత కాగితాల మీద ఉండిపోవడం అన్యాయమనీ, నలభై పంక్తులు ఇత్తడి మీద చెక్కిస్తామనీ, కింద నా పేరు లావు అక్షరాల్లో ఉంటుందనీ చెప్పారు.

నలభై పంక్తులు. ఇత్తడి మీద.

నేను జేబులోంచి కలం తీశాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. ‘ముఖము లేకపోవుటయే అందరి ముఖము’ అని రాసింది నేనే. భీమశంకరం గారు చదివి, లేచి నిలబడి నాతో కరచాలనం చేశారు.

ఇంటికొచ్చి గోనె తీశాను. మొహం ఇంకా మెత్తగానే ఉంది, రోజుకి మూడుసార్లు తడిపి కాపాడింది నేనే కదా. తీగతో మెడ దగ్గర కోశాను. ముక్కని బల్ల మీద పెట్టి కాసేపు చూశాను. తర్వాత ఎవరూ గుర్తు పట్టకుండా రెండు చేతుల్తో నలిపి ముద్ద చేశాను. ఆ నలపడంలో పెదవి మూల నా బొటనవేలికి తగిలింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నలిపాను.

ఆ తర్వాత జరిగినదంతా చకచకా జరిగిపోయింది. తల లేని బొమ్మకి కన్నం పెట్టడానికి చోటేదని అడిగితే, తల పోయిన ఖాళీయే రంధ్రమనీ, ఇప్పుడది ఆకాశమంత ఉన్నదనీ జవాబొచ్చింది. మరి రంధ్రానికి కింద భుజాలు అడ్డు వస్తున్నాయని ఒక మెమో. ‘రంధ్ర పరిధిలోనికి శరీరము ఆక్రమించుకొని వచ్చినట్లు గుర్తించడమైనది’ అని ఇంకో మెమో. ఆక్రమణల తొలగింపు కింద భుజాలు, చేతులు, నడుము, తొడలు, మోకాళ్ళు పోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా నేనొక అర్థం రాసి పంపాను, వాళ్ళు ఒక్కొక్కటీ మెచ్చుకున్నారు. చివరికి చీలమండల దగ్గర కొండలరావు తొలగింపు ఆపించాడు. మడమ మీద ఆస్తి నంబరుంది. నంబరున్న వస్తువును తొలగించాలంటే పనికిరాదని ముగ్గురు అధికారులు సంతకాలు చేసి, వేలం ప్రకటన వెయ్యాలి. అంత తీరిక ఎవరికీ లేదు. అందువల్ల రెండు పాదాలు బతికిపోయాయి.

మిగిలిన మట్టి తొమ్మిది బస్తాలైంది. పచ్చి మట్టిని ఎవరూ పారేయరు, మళ్ళీ తొక్కితే పనికొస్తుంది. ఆ సమయంలోనే సేవా భవనం మెట్ల పక్కన పెట్టడానికి పన్నెండు పూలకుండీలు కావాలని నూకరత్నానికి పురమాయింపు వెళ్ళింది. బస్తాలు నేనే రిక్షాలో వేసుకెళ్ళి, మిగిలిపోయిన మట్టి అక్కా, కుండీలకి వాడుకో అని చెప్పాను. మోకాలికి గుడ్డ చుట్టుకుని ఆవిడ అప్పుడే గోతిలోకి దిగింది. మట్టి తడిపి తొక్కడం మొదలెట్టింది. భలే మెత్తగా ఉంది మాస్టారూ, ఎవురో ముందే పిసికినట్టుంది అంది. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

పాదాలు కూడా ఆవిడ ఆవంలోనే కాలాలి. పెద్ద బొమ్మల్ని ముక్కలుగా కాల్చడం మామూలే గనక ఆవిడకి అనుమానం రాలేదు. పైభాగం ఏదని మాత్రం అడిగింది. పట్నంలో కరెంటు ఆవంలో కాలుస్తున్నారని అబద్ధం చెప్పాను. “కాళ్ళకి నా ఆవం, మొకానికి కరెంటా?” అని, చిన్నబుచ్చుకున్న గొంతుతో, పోనీలెండి, మొకం తెల్లగా కాలుద్దేమో అంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ పాదాలు పైన తెరుచుకునే ఉన్నాయి, గాలి పోవడానికి వాటికి అసలు బెజ్జమే అక్కర్లేదు.

ఆవిష్కరణ రోజున దిమ్మ మీద పట్టుగుడ్డ కప్పారు. పాదాల మీద కప్పితే గుడ్డ దిమ్మకి అతుక్కున్నట్టుంటుందని, గౌరవంగా ఉండడం కోసం లోపల వెదురుబొంగులతో మనిషి ఎత్తు చట్రం కట్టారు. టీ తాగకుండా వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషే తాడు లాగాడు. గుడ్డ, చట్రం రెండూ కలిసి పడ్డాయి. దిమ్మ మీద ఒక జత మట్టి పాదాలు, ఒకటి కొంచెం పైకి లేచి, దాని పైన బోలెడు ఆకాశం. ముందు ఇత్తడి ఫలకం, నలభై పంక్తులు, కింద నా పేరు. పెద్దమనిషి ఫలకమంతా ఓపిగ్గా చదివి, పైకి చూసి తలాడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జనం పలచబడ్డాక చూస్తే, నూకరత్నం. కొత్త నేత చీర, పెద్ద బొట్టు. వెంట చెల్లెలు, మరిది, ఇంకో ఏడెనిమిది మంది, ఆటోలో వచ్చినట్టున్నారు. ఆవిడ తిన్నగా దిమ్మ దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో పాదం మీద తట్టింది. కంగుమంది. బాగా కాలిందండి అంది చెల్లెలితో. తర్వాత దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

“మొకం ఇంకా తేలేదా మాస్టారూ?”

“అక్కా, దాని అర్థం ఏమిటంటే...”

“అర్థం ఒద్దండి. మొకం ఎక్కడ పెట్టారు?”

చెప్పేశాను. అబద్ధం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు. కోశాననీ, నలిపాననీ, బస్తాల్లో తెచ్చి ఇచ్చాననీ, ఆ మట్టితోనే కుండీలు చేసిందనీ అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. తల వంచుకుని తన కాళ్ళకేసి చూసుకుంది.

“అయితే నా మొకం నేనే తొక్కేనన్న మాట.”

మెట్ల దగ్గరికి నడిచింది. పన్నెండు కుండీలు రెండు వరసల్లో ఉన్నాయి, ఇంకా మొక్కలు నాటలేదు. చెల్లెల్ని పిలిచి, ఇయ్యేనే నేను, ఏ కుండీలో మొకం ఉందో తెలీదు, అన్నీ సూడు అంది. చుట్టాలందరూ వంగి కుండీల్లోకి చూడసాగారు. చెల్లెలు ఒక కుండీ అంచుని కొంగుతో తుడిచింది.

కుండీల చుట్టూ మూగిన ఈ జనాన్ని భీమశంకరం గారు దూరంనుంచి చూశారు. పాదాల దగ్గర ఒక్కరూ లేరు. కొండలరావుని వెంటబెట్టుకుని గబగబా వచ్చారు. వీటికి అర్థ ప్రకటన ఉందా అన్నారు. లేదని కొండలరావు చెప్పి, ఒక కుండీ ఎత్తి తిరగేశాడు.

“సార్, దీనికి అడుగున రంధ్రం ఉంది.”

ఇద్దరూ నావైపు తిరిగారు. కొండలరావు అప్పుడే పుస్తకం తెరిచాడు. భీమశంకరం గారి కళ్ళల్లో ఆశ కనిపించింది, ఇంకో నలభై పంక్తులకి సరిపడా ఆశ. నూకరత్నం కూడా నావైపే చూస్తోంది. ముప్ఫై ఏళ్ళ సాధన నా నాలుక మీదికి వచ్చి నిలబడింది. త్యాగం, జీవనది, ప్రవాహం, అన్నీ వరసలో ఉన్నాయి.

“నీళ్ళు పోవడానికండి” అన్నాను.

“అంతేనా?”

“అంతేనండి. బెజ్జం లేకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయి.”

భీమశంకరం గారి మొహం వాడిపోయింది. చంకలోని నియమావళి తీసి పేజీలు తిప్పి, కొండలరావు పుస్తకం మీద చెయ్యి వేసి మూసేశారు.

“సాంకేతిక అవసరమైతే అర్థం ప్రకటించనక్కర్లేదు. మూడో నిబంధన. రెండో పేజీలోనే ఉంది, మీరు చూసే ఉంటారు. అలాంటి రంధ్రాల జోలికి మేము రాం.”

ఇద్దరూ వెళ్ళిపోయారు. కుర్చీ పొట్టి కాలి కింద మడిచి పెట్టిన ఆ పదహారు పేజీలు కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

నూకరత్నం కుండీని తిరగేసినచోటే మళ్ళీ నిలబెట్టి, లోపల చేత్తో తుడిచింది.

“ఆ మాట ఆయేళ నేను అనబోయేను గదండీ మాస్టారూ” అంది. “మీరు సెయ్యెత్తారు.”